చెరి సగం మల్లెలు

ఎన్నికల ముందురోజు మాచర్ల బస్సులో ఒకావిడ నన్ను వెనక సీటుకు పంపి, తన తోటికోడలి పక్కన కూర్చుంది. జడలోని మల్లెల్లో సగం తుంచి ఆమెకు పెట్టింది.

"ఊళ్లో మాట్లాడుకోం బాబూ. వాళ్లదో పార్టీ, మాదో పార్టీ," అంది నావైపు తిరిగి.

తోటికోడలు గొంతు తగ్గించింది. "పోయినసారి మీవోళ్ల గొడవకి బూత్ కాడ్నించి ఎనక్కొచ్చా. ఈసారి అసలు రాను."

"రా అక్కా. లైన్లో నా ముందు నిలబడు. మావోళ్లలో ఎవడేమంటాడో చూస్తా."

"నా ఓటు మీకు కాదే!"

"తెలుసులే. అయినా రా."

ఊరు దగ్గరపడగానే ఆవిడ లేచి దూరంగా కూర్చుంది. తోటికోడలు మల్లెలు తీసి కొంగున ముడేసుకుంది. ఇద్దరూ దిగి చెరో పక్కకి నడిచారు.

ఇప్పటికీ ఓటుకు లైన్లో నిలబడితే, పక్క లైన్లోని ఆడవాళ్ల జడల్లో మల్లెలకోసం చూస్తాను.