పులి ముందు పలికిన పేరు

ఒక్క కేకతో వీధి వీధినంతా పులి ముందుకు రప్పించిన ఇల్లాలిని మీరెప్పుడైనా చూశారా? ఆ ఘనురాలిని నేనే. మా తోడికోడలు ఈ కథలో పెద్దపులిని పెట్టి చెబుతుంది. అది తప్పు. వచ్చింది చిరుతపులి. నేను ఉన్నదున్నట్టే రాస్తాను.

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులు. నేను రాజమండ్రికి కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. కోరుకొండ వైపు నుంచి చిరుత ఒకటి ఊళ్ళోకి దిగిందనీ, తలుపులు వేసుకోమనీ పొద్దున్నే దండోరా వేశారు. మధ్యాహ్నానికి మా వీధిలో తెరిచిన తలుపు లేదు. మావారు మాత్రం, "ప్లీడరు గుమాస్తా మీదికి వచ్చే ధైర్యం పులికెక్కడిదే?" అని, భోంచేసి వీధరుగు మీద పడుకున్నారు. ఆయన గురక ముందు రంపపు కోత ఎంత!

కాసేపటికి కిటికీలోంచి చూద్దును కదా, గుమ్మం ముందు కుడితి తొట్టిలో మూతి పెట్టి చిరుత తాగుతోంది! తలుపు తీసి ఆయన్ని తట్టి లేపే దారి లేదు.

"అత్తయ్యగారూ, పులండీ! మీ అబ్బాయిని పేరు పెట్టి పిలవండి!"

అత్తగారు గట్టిగా కళ్ళు మూసుకున్నారు. "నేనెలా పిలుస్తానే? అది మా మామగారి పేరు. నువ్వే పిలు."

"మొగుడి పేరు పలికితే ఆయనకు ఆయుక్షీణమని మీరే చెప్పారు కదండీ!"

చూశారా మా తెలివి! ఆయన ఆయుష్షు తొట్టి దగ్గర నిలబడి కుడితి తాగుతుంటే, మేము మా నాలుకల్ని కాపాడుకుంటున్నాం.

చివరికి ఆవిడ "అబ్బాయీ!" అనీ, నేను "ఏమండోయ్!" అనీ కిటికీ ఊచలు పట్టుకుని అరిచాం. మా వీధిలో ప్రతి కొడుకూ అబ్బాయే, ప్రతి మొగుడూ ఏమండోయే. టపటపా తలుపులన్నీ తెరుచుకున్నాయి. మాతో కలిపి ఎనిమిది ఇళ్ళు. ఏడుగురు మగవాళ్ళు బయటికి వచ్చారు. లేవనిది మావారొక్కరే.

"ఏంటే, మజ్జిగ కలిపావా?" అంటూ వచ్చిన ఎదురింటి పంతులుగారు పులిని చూసి, "కలపొద్దు, కలపొద్దు!" అని వెనక్కి గెంతారు. ఏడు తలుపులూ దభీమని మూసుకున్నాయి. ఆ చప్పుడుకు చిరుత బెదిరిపోయి, ఒక్క ఉరుకులో మా అరుగెక్కి, సరిగ్గా ఆయన తల దగ్గర నిలబడింది!

ఇక ఆయుష్షూ లేదు, మామగారూ లేరు. ఇంటిపేరుతో సహా ఆయన పేరు పెట్టి అరిచాను. అవతలి ఒడ్డున కొవ్వూరులో కూడా వినబడే ఉంటుంది.

ఆయన దిగ్గున లేచి కూర్చుని, పులికి వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి గర్జించారు.

"ఎవత్తే నా పేరు పెట్టి పిలిచింది?"

ఆ గర్జనకు చిరుత గోడ దూకి గోదావరి గట్టు పట్టింది.

"మీ వెనకాల పులండీ!"

ఆయన తిరిగి చూశారు. అరుగు ఖాళీ. "పేరు పలికింది చాలక సాకొకటా?"

పంతులుగారిని సాక్ష్యం అడిగితే తలుపు సందులోంచి, "నేను నిద్రపోతున్నానమ్మా" అన్నారు. మిగతా ఆరుగురిదీ అదే మాట. ఏడుపు గొంతుతో అత్తగారి వైపు తిరిగాను.

"మీరైనా చెప్పండి!"

"పులిని చూడలేక కళ్ళు మూసుకున్నానే. నీ నోట ఆ పేరు వస్తుందని తెలిస్తే చెవులు కూడా మూసుకుందును."

ఆయుక్షీణం మాట ఎంత నిజమో, ఎనభై దాటిన మావారు అదే అరుగు మీద గురక పెట్టి రోజూ రుజువు చేస్తున్నారు. అయినా ఆ పేరు మళ్ళీ పలకనని ఆనాడే కర్పూరం వెలిగించి ఒట్టు వేశాను. అందుకే ఇంత రాసీ మీకు కూడా చెప్పలేదు. మళ్ళీ పులి వస్తే నేను "ఏమండోయ్" అనే అరుస్తాను. మీరు మాత్రం తలుపు తీయకండి.