పైకి చూసిన బాణం

కోరుట్లలో మా ఇంట్లో బియ్యం ఏరుతుండగా బావ ఫోన్ చేశాడు. "మీ అక్క ఇగ లేదు" అన్నాడు. ఇరవై రోజులైంది. ఆ మాట ఇంకా నాలోకి దిగడం లేదు.

అక్క సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో కండెలకు నూలు చుట్టేది. పొద్దున లోపలికి పోతే మళ్లీ చీకటి పడ్డాకే బయటికి. మధ్యాహ్నం గిన్నె తెరిచి, పక్కనున్న మనిషికి కొంచెం పెట్టాకే తను తినేది. కొంగునిండా నూలు పోగులు. దులపబోతే "ఉండనియ్యే, గవే నా నగలు" అనేది.

చలికాలం చివర్లో నడుము, మోకాళ్లు పట్టేశాయి. జగిత్యాల తీసుకుపోయి విటమిన్ డి పరీక్ష చేయించాను. పరగడుపున ఉండాలని నేనే అనుకుని ఛాయ్ కూడా తాగనివ్వలేదు. తీరా రక్తం తీసే అమ్మాయి "దీనికి పరగడుపు అక్కర్లేదమ్మా" అంది.

"నీ పద్ధతులు పాడుగాను, నా ఛాయ్ పోగొట్టినవ్ గదనే!" అని అక్క నవ్వింది.

అంకె ఎనిమిది వచ్చింది. పక్కన కిందికి చూసే బాణం. డాక్టరు వారానికొక గోలీ చొప్పున ఎనిమిది వారాలకు రాసి, ఆ తర్వాత మళ్లీ పరీక్ష చేయించమన్నాడు. నేను నోటుపుస్తకంలో ఎనిమిది ఆదివారాలు గీసుకున్నాను. ప్రతి ఆదివారం ఫోన్‌లో "వేసుకున్నవా అక్కా?" అని అడిగి టిక్కు పెట్టాను. మిగతా ఆరు రోజుల సంగతి ఒక్కసారీ అడగలేదు.

షెడ్డుకు పెద్ద చీరల ఆర్డరు వచ్చింది. "వారానికొకటి మింగితే ఈ మోకాళ్లు ఎప్పుడు లేస్తయే?" అంది ఒకసారి. తమాషాకనుకున్నాను. తర్వాత ఎన్ని నీళ్లు తాగినా దూప అనేది, అన్నం సయించడం లేదనేది. ఎండలు కదా అన్నాను.

రెండో పరీక్షకు పోయినప్పుడు ఆ అమ్మాయి అక్కనే అడిగింది. "గోలీలు ఎట్ల వేసుకుంటున్నరు పెద్దమ్మా?" అక్క నోరు తెరిచేలోపే నేను పుస్తకం చూపించి "వారానికొకటే, ఒక్కటి తప్పలేదు" అన్నాను. అక్క తల దించుకుంది.

ఈసారి అంకె నూటఎనభై. బాణం పైకి చూస్తోంది. పెరిగితే మంచిదే అనుకున్నాను. ఎర్ర పెన్నుతో దాని చుట్టూ గీసి, "అక్కా, పాసైనవ్!" అన్నాను. ఇక డాక్టరుకు చూపించేదేముందని ఫైల్లో పెట్టేశాను.

పద్దెనిమిది రోజులకు అక్క వాంతులతో పడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు నా ఎర్ర గీతను చూసి, "ఈ బాణం విటమిన్ మరీ ఎక్కువైందని గుర్తు అమ్మా. రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతిన్నాయి. రోజూ వేసుకుందా?" అన్నాడు. బావ ఇంటి నుంచి తెచ్చిన సంచి బోర్లించాడు. అన్నీ ఖాళీ స్ట్రిప్పులే. అదే చీటీ చూపించి మళ్లీ మళ్లీ కొనుక్కుందట.

"నాకెందుకు చెప్పలేదే?" అని ఏడ్చాను.

"నువ్వు గంత సంబరంగ చెప్తుంటే, అందరి ముందట నీ మాట ఎట్ల తీసేద్దు చెల్లె?"

మీరు ఎవరినైనా పరీక్షకు తీసుకుపోతే, వాళ్లనడిగిన ప్రశ్నకు వాళ్లనే జవాబు చెప్పనివ్వండి. ఇంతకన్నా ఏం రాయాలో నాకు తెలియడం లేదు.

ఆ రోజు నేను కోరుట్లకు బయల్దేరే ముందు, ఆసుపత్రి కిటికీలోంచి మంచం మీద కాస్త ఎండ పడింది. అక్క చీర పైకి లాక్కుని, మెల్లగా కాళ్లు అందులోకి జరుపుకుంది. కాసేపటికి ఎండ మంచం దిగి గచ్చు మీదికి పోయింది. ఆమె కాళ్లు మాత్రం అటే చాచి ఉన్నాయి.