బోణీ అయ్యేదాకా

మా నాన్న దుర్మార్గుడు. ఈ వాక్యం రాస్తున్నప్పుడు ఆయన నాకు మూడడుగుల దూరంలోనే, ప్లాస్టిక్ కుర్చీలో, మెడ చుట్టూ తుండుగుడ్డ వేసుకుని కూర్చుని ఉన్నాడు. తుండుగుడ్డ సోకు కోసం కాదు, నోటి కుడి మూల నుంచి చొంగ కారుతుంది కాబట్టి. వెనకటి మనిషే అయితే ఈ కాగితం లాక్కుని చదివి, గజంబద్దతో నా వీపు మీద ఒకటి ఇచ్చి ఉండేవాడు. ఇప్పుడు ఆయన అక్షరాలు పోల్చుకోలేడు. మాటా రాదు. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

నరసరావుపేటలో మాది బరకాల కొట్టు. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల మీద వాన పడకుండా కప్పే బరకాలు, వాటిని కట్టే తాళ్ళు, పత్తి నింపే బోరాలు, గోతాలు అమ్ముతాం. క్రోసూరు నుంచీ, గురజాల నుంచీ రైతులు వస్తారు. తాత పెట్టిన కొట్టు, నాన్న నిలబెట్టిన కొట్టు, నేను కూర్చుని తింటున్న కొట్టు. ఈ వర్ణన నాన్నదే. గిరాకీల ముందు చెప్పేవాడు.

మా కొట్లో అన్నిటికన్నా పెద్ద దేవుడు బోణీ. పొద్దున షట్టర్ ఎత్తి, నీళ్ళు చల్లి, సాంబ్రాణి వేశాక మొదటి బేరం కుదిరేదాకా కొన్ని పనులు చేయకూడదు. అడిగిన సరుకు మన దగ్గర లేకపోయినా 'లేదు' అనే మాట అనకూడదు. గడప దాటి బయటికి పోకూడదు. మంచినీళ్ళు తప్ప నోట్లో ఏదీ వేసుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎత్తిన షట్టర్ దించకూడదు. బోణీ పట్టింపు బజారులో అందరికీ ఉంది. ఎదురు కొట్టు బాబాయి కూడా మొదటి నోటు కళ్ళకు అద్దుకుంటాడు. కానీ అవసరం పడితే ఆయన షట్టర్ దించి పోతాడు. నాన్న ఎన్నడూ దించలేదు.

నేను పుట్టిన ఆసుపత్రి మా కొట్టుకు రెండు వీధుల అవతల. కబురు వచ్చినా నాన్న బోణీ అయ్యాకే కదిలాడట. అమ్మ ఈ సంగతి నా ప్రతి పుట్టినరోజుకూ పాయసంతోపాటు వడ్డిస్తుంది. నా వంతు పన్నెండో ఏట వచ్చింది. ఎత్తుతున్న షట్టర్ జారి నా కుడిచేతి చూపుడువేలు మీద పడింది. గోరు లేచిపోయింది. నాన్న గోతం పీలిక ఒకటి వేలికి చుట్టి, నన్ను బస్తా మీద కుదేసి, "ఏడవమాక. కూర్చో. బోణీ కానీ" అన్నాడు. ఆ రోజు బోణీ ఎన్నింటికయిందో గుర్తులేదు. ఆ మాటలు మాత్రం గుర్తున్నాయి. ఆ గోరు మళ్ళీ సరిగ్గా మొలవలేదు.

రెండేళ్ళ కిందట నాన్నకు కంటి శుక్లం ఆపరేషన్ చేయించాలని తీసుకెళ్ళాం. ముందుగా ఈసీజీ తీశారు. కళ్ళ డాక్టరు ఆ కాగితం చూసి ఆపరేషన్ ఆపేసి, గుండె డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆవిడ నాన్న మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది. తర్వాత నా వేళ్ళు తీసి అక్కడ పెట్టింది. నాడి రెండు దెబ్బలు కొట్టి ఆగింది. ఒకటి కొట్టింది. గబగబా నాలుగు కొట్టి మళ్ళీ ఆగింది. జీవితమంతా గంట కొట్టినట్టు నడిచిన మనిషి లోపల ఇంత గందరగోళం ఉందని తెలిసి, నిజం చెప్పాలంటే, నాకు కాస్త సరదా వేసింది.

"గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతున్నాయి. దానివల్ల రక్తం అక్కడ నిలబడిపోతుంది" అంది డాక్టరమ్మ. "సాగర్ కాలవలో నీళ్ళు పారినన్నాళ్ళూ నాచు పట్టదు. నిలిస్తే పడుతుంది. ఇక్కడ నాచు బదులు రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకు పోయిందా, పక్షవాతమే."

"రోగం గుండెలో ఉంటే పడిపోయేది చెయ్యీ కాలా? ఇదేం లెక్కమ్మా" అన్నాడు నాన్న.

"మెదడు ఆడిస్తేనే కదా పెద్దాయనా, చెయ్యీ కాలూ ఆడేది. మాటా అంతే."

రక్తం గడ్డ కట్టకుండా మాత్ర రాసింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఒక్క పూట కూడా మానకూడదు. తర్వాత నా వైపు తిరిగింది. మూతి ఒక పక్కకు లాగినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా గడియారం చూసి టైం గుర్తుపెట్టుకోవాలి. క్షణం ఆగకుండా ఆసుపత్రికి తేవాలి. గడ్డ కరిగించే ఇంజక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. ఆ లోపల కూడా ఆగిన ప్రతి నిమిషానికీ మెదడు కొంత చచ్చిపోతూనే ఉంటుంది. ఇదంతా నాచేత తిరిగి చెప్పించుకుంది. తప్పు లేకుండా అప్పజెప్పాను. కాబట్టి తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

సాయంత్రం మాత్ర అమ్మ దగ్గరుండి మింగించేది. పొద్దున మాత్ర మాత్రం ఆయన జేబులో వేసుకుని కొట్టుకు వచ్చేవాడు. బోణీ కాకుండా ముట్టడు. "పొద్దున్నే రోగాన్ని నోట్లో పెట్టుకుంటే బేరమేం వస్తదిరా" అనేవాడు. బోణీ అయ్యాక పనిలో పడి మరిచిపోయేవాడు. ఒకరోజు మొదటి గిరాకీకి తాడు కోస్తుంటే కత్తి వేలికి తగిలింది. మందు పని చేస్తోంది కాబట్టి నెత్తురు ఒక పట్టాన ఆగలేదు. కొత్త తాడు మీద పడింది. ఆ రైతు తాడు వద్దని వెళ్ళిపోయాడు. ఆ రోజుతో నాన్న పొద్దున మాత్ర పూర్తిగా మానేశాడు. చొక్కాలు ఉతికేటప్పుడు జేబుల్లో నానిపోయిన మాత్రలు దొరికేవి. అమ్మ నాకు చూపించి, "నువ్వన్నా చెప్పరా" అనేది. ఒకసారి చెప్పాను. "నువ్వు నాకు చెప్పేంతోడివి అయ్యావేందిరా సన్నాసీ" అన్నాడు, ఇద్దరు గిరాకీల ముందు. నాకు పౌరుషం వచ్చి మళ్ళీ చెప్పలేదు.

పోయిన ఆషాఢంలో ఒక మంగళవారం. అసలే బేరాల్లేని నెల, ఆ పైన మంగళవారం. ఎనిమిదిన్నరకు నాన్న నన్ను తిడుతున్నాడు. బరకం మడత సరిగ్గా పెట్టలేదట. తిట్టు మధ్యలో ముద్దయిపోయింది. తల తిప్పి చూశాను. మూతి ఎడమ పక్కకు లాగేసింది. గజంబద్ద కుడిచేతిలోంచి జారి కింద పడింది. ఆయన దాని వైపు చూసి, తర్వాత తన చేతి వైపు చూశాడు, అదెవరిదో అన్నట్టు. నేను గడియారం చూశాను. ఎనిమిది ముప్పై రెండు.

పడిపోకుండా పట్టుకుని బస్తాల మీద కూర్చోబెట్టాను. ఆయన ఎడమచెయ్యి లేపి షట్టర్ వైపు చూపించాడు. మళ్ళీ చూపించాడు. నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. దించమంటున్నాడా, దించొద్దంటున్నాడా? ఆయన కళ్ళలోకి చూసి ఉంటే తెలిసేది. నేను చూడలేదు. బోణీ కాలేదు కదా, దించొద్దంటున్నాడు అని తేల్చుకున్నాను. అలా తేల్చుకోవడమే నాకు కావాల్సింది. ఆయన ముందు వంగి, "కూర్చో. బోణీ కానీ" అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు నాకెంత హాయిగా ఉందో దాచి లాభం లేదు. ముప్పై ఏళ్ళకు పైగా దాచుకున్న మాట అది. ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు వస్తారు, ఒక మూర తాడయినా కొంటారు, అప్పుడు వెళ్దాం అనుకున్నాను. ఐదు నిమిషాలు ఆయన కూడా రుచి చూడనీ అనుకున్నాను. తొమ్మిదయింది. ఎవరూ రాలేదు. గిరాకీలు చూస్తే జంకుతారని ఒక బరకాల కట్టను ఆయనకు అడ్డంగా జరిపాను. ఒకావిడ వచ్చి గోతాలు అడిగి, రేటు కుదరక వెళ్ళిపోయింది. ఎదురు కొట్టు బాబాయి, "మీ నాన్న కనపడడేందిరా" అని కేకేశాడు. "లోపలున్నాడు బాబాయ్" అన్నాను. ఆయన్నే పిలిచి ఒక తాడు కొనమంటే బోణీ అయిపోయేది. ఆ ఆలోచన నాకు అప్పుడు వచ్చింది కూడా. వచ్చీ పిలవలేదు. అప్పటికే ఆలస్యమయిందని సిగ్గేసింది. సిగ్గుతో ఇంకొంత ఆలస్యం చేశాను.

పదింబావుకు క్రోసూరు రైతు ఒకాయన వచ్చి బరకం చూపించమన్నాడు. పరిచి చూపించాను.

"చానా చెప్తన్నావు సెట్టీ, తగ్గించు."

"మందం చూడన్నా. మూడేళ్ళు ఎండకీ వానకీ తట్టుకుంటది."

అవును, బేరమాడాను. అలవాటయిన నోరు దానంతట అది ఆడింది. కట్ట వెనక నుంచి మడమతో తన్నుతున్న చప్పుడు వచ్చింది. రైతు, "ఏందది?" అంటూ నన్ను దాటుకుని పోయి వెనక్కి తొంగిచూశాడు. నాన్న ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. పంచె తడిసి ఉంది.

"మూతి వంకరపోయింది గదయ్యా ఈయనకి. ఎప్పట్నుంచి ఇట్టా?"

"ఇందాకట్నుంచి."

"మరి బేరమాడతన్నావేంది?"

"బోణీ కాలేదన్నా."

ఆయన నా వైపు చూసిన చూపు నేను ఇక్కడ రాయలేను. ఇంకో మాట బేరమాడలేదు. నేను చెప్పిన రేటుకే డబ్బులు బల్ల మీద పడేశాడు. "అయింది నీ బోణీ. ఇంక లేపు, నేను కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు. నేను ఆ నోట్లు తీసి కళ్ళకు అద్దుకుని, అప్పుడు లేపాను. ఆటోలో ఎక్కించేదాకా ఆ రైతు ఉన్నాడు. కొన్న బరకం కొట్లోనే వదిలేసి పోయాడు. దానికోసం మళ్ళీ రాలేదు.

నరసరావుపేటలో స్కాన్ తీసి, గుంటూరు తీసుకెళ్ళమనేసరికి పన్నెండు దాటింది. గుంటూరు చేరేసరికి ఒంటిగంటన్నర. అక్కడి డాక్టరు ఎప్పుడు మొదలైందని అడిగాడు. ఎనిమిది ముప్పై రెండు అన్నాను. నిమిషంతో సహా చెప్పినందుకు మెచ్చుకోలుగా చూశాడు.

"పేటలో ఆసుపత్రికి ఎన్నింటికి వెళ్ళారు?"

"పదీ ముప్పావుకు."

"అప్పటిదాకా ఎవరూ చూసుకోలేదా?"

"నేను చూస్తూనే ఉన్నాను."

రాస్తున్న చెయ్యి ఆపాడు. గడువు దాటిపోయిందనీ, ఇప్పుడు ఇంజక్షన్ ఇస్తే మెదడులో నెత్తురు కారే ప్రమాదం ఉందనీ చెప్పాడు. ఎడమ పక్క మెదడులో పెద్ద భాగమే పోయిందనీ, కుడి చెయ్యి, కుడి కాలు, మాట అక్కడివేననీ స్కాన్‌లో నల్లబడిన చోటు వేలితో చుట్టి చూపించాడు. ముందే తెస్తే బాగయ్యేవాడా అని అడిగాను. ఎంత మిగిలేదో చెప్పలేను, కొంతయినా మిగిలేదేమో అన్నాడు.

అమ్మకు మాత్రం వేరేగా చెప్పాను. "ఆయనే షట్టర్ దించొద్దని చెయ్యి చూపించాడమ్మా" అన్నాను. అమ్మ వెంటనే నమ్మింది. "నన్ను పురిట్లో వదిలేసిన మనిషి, తనను తాను వదిలేసుకోడా" అంది. బజారు కూడా నమ్మింది. ముసలాయన బోణీ పిచ్చి ఆయన్నే మింగిందని చెప్పుకున్నారు. నేను తలూపాను. మొదటి నెలలు నాకు సుఖంగానే గడిచాయి. కొట్లో తిట్టేవాళ్ళు లేరు. పొద్దున మాత్ర ఇప్పుడు నేనే, షట్టర్ ఎత్తకముందే ఆయన నోట్లో వేస్తాను. మింగాడో లేదో నాలుక ఎత్తించి మరీ చూస్తాను.

మాట రాలేదు కానీ అర్థం చేసుకోవడం మెల్లగా తిరిగొచ్చింది. నిన్న చుట్టం చూపుకు వచ్చిన ఒక పెద్దమ్మకు అమ్మ ఆ రోజు కథ చెబుతోంది. "ఈయనే దించొద్దన్నాడంట అక్కా" అనగానే నాన్న ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టాడు. మాట కాదు, ఒట్టి అరుపు. ఎడమచేత్తో కుర్చీ చెయ్యి బాదాడు. బాత్రూమ్‌కేమో తీసుకుపోరా అంది అమ్మ. తీసుకుపోయాను. బాత్రూమ్‌కు కాదని నాకు తెలుసు.

మర్నాడు, అంటే ఈ పొద్దున, రోజూలాగే ఆయన్ను కొట్టుకు తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, షట్టర్ ఎత్తి, సాంబ్రాణి వేశాక ఆయన కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాను. ఈసారి కళ్ళలోకి చూసి అడిగాను.

"ఆ రోజు షట్టర్ చూపించావు గదా నాన్నా. దించమన్నావా, దించొద్దన్నావా?"

 ఆయన ఎడమచెయ్యి చాపి నా కుడిచెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు తడిమి, గోరు సరిగ్గా లేని ఆ చూపుడువేలు దొరికించుకున్నాడు. దాన్ని పట్టుకుని షట్టర్ వైపు చూపించి, కిందికి లాగాడు. మళ్ళీ పైకెత్తి కిందికి లాగాడు. మూడోసారి లాగేటప్పటికి ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను.

గడప దగ్గర ఎవరో నిలబడి, "తాడుందా అన్నా?" అని అడిగారు. ఇంకా బోణీ కాలేదు. కొట్టు నిండా తాళ్ళే. లేదన్నాను.