వంటింటి గూట్లో సర్వర్

మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన మావారు ఆ ఏడు ఒక మాట అన్నారు. శ్రావణం పెళ్లిళ్లు అయ్యేలోపు మన శుభలేఖల పని నిలదొక్కుకుంటే ఇక్కడే ఉండిపోతాను, లేదంటే మళ్లీ విమానం ఎక్కడమే అని. పెళ్లయిన దగ్గర్నుంచి సెలవుల్లో మాత్రమే మొగుణ్ణి చూసిన నాకు ఇంకేం కావాలి! కనబడ్డ దేవుళ్లందరికీ మొక్కేశాను.

రాజోలులో మా ఇంటి ముందు గదిలో ఒక కంప్యూటరు, వెనక గదిలో ఒకటి. ఆయన డిజైన్లు చేస్తే నేను తెలుగు టైపు చేసేదాన్ని. వర్షాకాలం కరెంటు సంగతి చెప్పేదేముంది? ఇలా వచ్చి అలా పోయేది. ఓసారి పోతూ పోతూ నా కంప్యూటరులో డిస్కునీ, అందులో ఉన్న పనినంతా కూడా పట్టుకుపోయింది.

అప్పుడు ఆయన పెట్టె అడుగు నుంచి తన పాత ల్యాప్‌టాప్ తీశారు. తెర మీద సగం మచ్చ, నడక నత్తనడక. కానీ బ్యాటరీ గట్టిది, కరెంటు తాగేది తక్కువ. ఇద్దరి ఫైళ్లూ అందులోనే దాచుకుందామని, రెండు గదులకీ తీగ అందే వంటింటి గూట్లో పెట్టారు. "ఇదే మన సర్వర్" అంటే నవ్వాను. కరెంటు పోయినా దాచిన పని దాచినట్టే ఉండడం చూశాక నవ్వడం మానేశాను.

అయితే రోజూ మధ్యాహ్నం ఫైళ్లు తెరుచుకునేవి కావు. వెళ్లి చూస్తే ల్యాప్‌టాప్ మూత పడిపోయి ఉండేది. ఎత్తితే తాపీగా లేచేది. ఓ రోజు పెళ్లివారు ఎదురుగా కూర్చుని ఉండగానే ఆగిపోయింది. వాళ్లు విసుక్కుని లేచి వెళ్లిపోయారు.

"కీలూ వదులైపోయింది, లోపల యంత్రమూ పోయింది. దీన్ని నమ్ముకుని ఉద్యోగం ఎలా వదులుకుంటానే? రేపు టిక్కెట్టు సంగతి చూస్తాను" అన్నారాయన.

మర్నాడు మధ్యాహ్నం దాని జబ్బేమిటో తేల్చుకుందామని వంటింట్లోనే కూర్చున్నాను. అత్తగారు వచ్చారు. అన్నం మీద మూత, పులుసు మీద మూత, పాల మీద మూత పెట్టి, అదే ఊపులో ల్యాప్‌టాప్ మూత కూడా దించేశారు.

"అత్తయ్యగారూ, రోజూ మీరేనాండీ ఇది మూసేది?"

"ఆయ్, నేనే. మీకెలాగూ ధ్యాస ఉండదు. తెరిచి వదిలేస్తే బల్లి పడదేంటమ్మా?"

మావారిని కేకేశాను. ఆయన వచ్చి పడీ పడీ నవ్వారు. జబ్బేమీ లేదు, మూత వేస్తే నిద్రపోవడం దాని అలవాటు, అందుకే పని ఆగుతోందని తల్లికి చెప్పారు. ఆవిడ నవ్వలేదు. పీట మీద చతికిలబడి, "అయితే నా చేత్తో నేనే నిన్ను పంపించేసేదాన్ని కదరా నాన్నా" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

మూత వేసినా పనిచేసేలా ఆయన అప్పటికప్పుడు సెట్టింగు మార్చారు. ఆ తర్వాత అత్తగారు నిశ్చింతగా మూసుకున్నారు, అదీ నిశ్చింతగా పనిచేసింది. శ్రావణమంతా మాకు ఊపిరి సలపలేదు. ఆ ముసలి యంత్రానికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది నాకు.

భాద్రపదం వచ్చింది, ఆయన వెళ్లలేదు. సెలవుల్లో ఏది వడ్డించినా బావుందనే మనిషి, ఓ మధ్యాహ్నం మొదటిసారి, "పులుసులో ఉప్పెక్కువైందే" అన్నారు. నాకెంత సంతోషమైందో!