తాళం వేసిన విరుగుడు

“విరుగుడు మందు ఎక్కడ పెట్టినావే? గూట్లో లేదు.”

“ఉంది లెండి. మీ అన్నయ్య ముందు ఆ ఊసెత్తకండి.”

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. ఏళ్లయిపోయింది. అన్నం ముద్ద దిగినప్పుడల్లా ముల్లులాగ గుచ్చుకుంటాయి. ఎవరికీ చెప్పలేదు.

నాకు సంతకం తప్ప రాయడం రాదు. మా బావగారి కూతురు గురుగ్రామ్‌లో ఆఫీసుకి సెలవు పెట్టి, ఫరీదాబాద్ వచ్చి నా పక్కన కూర్చుంది. నేను చెప్తున్నాను, అది రాస్తోంది. నువ్వెవరో నాకు తెలీదు తల్లీ. మత్తుసూది మొగుడితో కాపరం చేస్తున్నదానివైతే నీకే చెప్తున్నాననుకో.

మా ఆయన ఫ్యాక్టరీలో వెల్డరు. స్మాక్ అనే మత్తుపొడి మరిగినాడు, తరవాత సూదికి దిగినాడు. మత్తు మాన్పించే సంస్థవాళ్లు చేరదీసి నిలబెట్టినారు. మానేసినాక ఆయనే ఫ్లైఓవర్ కింద కూర్చుని మిగతావాళ్లకి నేర్పేవాడు. ఒంటరిగా ఎక్కించుకోవద్దనేవాడు. కొన్నాళ్లు మానినోడు మళ్లీ పాత మోతాదు ముట్టుకుంటే ప్రాణం పోద్దనేవాడు. మనిషి గురకలాగ ఊపిరి లాగి, పెదాలు నల్లబడితే పాలు పొయ్యొద్దు, అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి, తల వెనక్కి వంచి నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదండి, తొడకి విరుగుడు సూది వెయ్యండి అనేవాడు. బొంత చుట్టి పడుకోబెట్టి నాకూ నేర్పినాడు. “బొంతకి నోరు పెట్టినంత ముద్దుగా నాకెప్పుడైనా పెట్టినావా” అని ఎగతాళి. మందు మటుకు తాళం వేసి పెట్టకు, ఇంట్లో అందరికీ తెలిసిన చోటే ఉండాలని మరీ మరీ చెప్పేవాడు.

ఆయన మానేసిన కొన్ని నెలలకి బావగారూ, తోటికోడలు అక్కా కాశీ వెళ్తూ మా ఇంట్లో దిగినారు. వాళ్లకి ఈ సంగతులేవీ తెలీవు. తెలిస్తే ఊళ్లో తలెత్తుకోగలమా? గూట్లోని సీసా, సూదీ తీసి ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టి తాళం వేసేసినాను. ఆయన అడిగితే ఆ జవాబిచ్చినాను. బయటికి పోయినాడు.

మధ్యాహ్నం వచ్చి మంచమ్మీద వాలినాడు. కాసేపటికి గురక. పెదాలు చూసినాను. నాకు తెలిసిపోయింది. అన్ని నెలలు మానినోడు ఎందుకు ముట్టుకున్నాడో ఇప్పటికీ తెలీదు. అన్న ముందు అబద్ధంలాగ బతకలేకనా? ఆ అబద్ధం కూడా నాదే కదా?

బావగారు “మూర్ఛలాగుంది, చేతిలో ఇనుము పెట్టండి” అన్నారు.

“అవునండి, ఈ మధ్యే వస్తోంది” అన్నాను. బొడ్లోంచి తాళాలగుత్తి తీసి మా ఆయన చేతిలో పెట్టి పిడికిలి మూసినాను. పెట్టె తాళంచెవి ఆ గుత్తిలోనే ఉంది.

బావగారు ఆటో కోసం పరిగెత్తినారు. అక్క విసురుతూ కూర్చుంది. ఆవిడ నీళ్లకి లేస్తే పెట్టె తీద్దామనుకున్నాను. లేవలేదు. పంపడానికి నాకు నోరు రాలేదు. పోనీ, ఊపిరైనా ఊదొచ్చు కదా? తోటికోడలు చూస్తుండగా మొగుడి నోట్లో నోరెలా పెట్టనని సిగ్గుపడినాను. ప్రాణం పోతుంటే సిగ్గు. ఆటో వచ్చేసరికి గురక ఆగిపోయింది.

తరవాత ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు వచ్చి ఏడ్చినారు. ఇంట్లో మందు లేదా చాచీ అని ఒకడు అడిగినాడు. ఎవరికో ఇచ్చేసినాడు బేటా అన్నాను. ఆ మాట పట్టుకుని, తన మందు పరాయివాడికిచ్చి తాను పోయిన మహానుభావుడని ఇప్పటికీ ప్రతి క్లాసులో చెప్తున్నారు. క్లాసుకొచ్చిన ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. నేనూ తుడుచుకుంటాను. తుడుచుకుని ఇంటికెళ్లి, వాళ్లకక్కడ ఇచ్చిన విరుగుడు సీసా ఎక్కడ పెడతారు? చుట్టాలొస్తే నాలాగే బీరువాలో దాచేస్తారు. అలా దాస్తే ఏమవుద్దో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నోరు మూసుకు కూర్చున్నాను.

ఆయన ఎవరికీ ఇవ్వలేదు. మందు ఇంట్లోనే ఉంది. తాళం వేసింది నేను. చెయ్యడం వచ్చి కూడా చెయ్యలేదు.

ఇదేటమ్మీ, రాయడం ఆపేసినావు? విసిరింది మీ అమ్మేనని రాయి. ఆవిడకేమీ తెలీదని కూడా రాయి. నన్ను క్షమించమని మటుకు రాయకు, నేనడగలేదు. చెప్పేసినాను, అంతే. ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఏదీ, మొదట్నుంచి చదువు. సిగ్గుపడినానన్న చోట మెత్తగా మార్చినావేమో వింటాను.