రెండు పంటల నడుమ సముద్రం

మా పెద్దకూతురు పోయిందన్న సంగతి నాకు పట్టుపురుగుల షెడ్డులో తెలిసింది. పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచిన పొద్దు అది. అవి మేత మానేసి, కదలకుండా పడుకొని, పాత తోలు విడిచి లేస్తాయి. దాన్ని మేం జ్వరం అంటాం. లేచినాక వాటి ఆకలికి అంతుండదు. నేను మల్బరీ ఆకు పరుస్తున్నాను. మా ఆయన ఫోను చేతిలో పట్టుకొని లోపలికి వచ్చాడు. షెడ్డులోకి చెప్పులతో రాకూడదని ఆయనే అందరికీ చెప్పేవాడు. ఆ పొద్దు చెప్పులతోనే వచ్చేశాడు. ఆయన నోరు తెరవకముందే ఏదో పెద్దదే జరిగిందని నాకు తెలిసిపోయింది.

తలనొప్పి అని పడుకుందట. చింతామణి ఆసుపత్రిలో చూసి బెంగళూరుకు తీసుకుపొమ్మన్నారు. దోవలోనే అయిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. అంతకంటే నాకు తెలియదు, తెలుసుకొని చేసేదీ లేదు.

పురుగులకు మన చావు తెలియదు. వేళకు ఆకు పడాల్సిందే. సూతకం ఉన్నవాళ్ళు షెడ్డులో కాలు పెట్టకూడదని మా వైపు వాడుక. అందుకని పక్కింటామె రోజూ తలకు పోసుకొని వచ్చి మా పురుగులకు ఆకు వేసి వెళ్ళింది. మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. దిబ్బూరహళ్ళి చుట్టుపక్కల ఊళ్ళలో ఇది అడిగి చేయించుకునే పని కాదు. ఆ పంట పట్టుగూళ్ళు బాగానే వచ్చాయి. ఎందుకు వచ్చాయో అని నాకు కోపం కూడా వచ్చింది.

నాకు చదువు తక్కువ. అయినా ఇది రాస్తున్నాను. ఎందుకంటే మా ఇంట్లో ఆమె మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు లేచి బయటికి వెళ్ళిపోతున్నారు. కాగితం లేచిపోదు కదా. ఇంకో కారణం కూడా ఉంది. ఆమె తన చిన్నకూతురికి ఒక మాటిచ్చి పోయింది. ఆ మాట నా నెత్తిన పడింది.

పురుగులు పెట్టేవాళ్ళకు సెలవులుండవు. ఒక పంట గూళ్ళు మార్కెట్టుకు పోయి, షెడ్డు కడిగి, బ్లీచింగు చల్లి, మళ్ళీ చిన్నపురుగులు వచ్చేలోపల కొంచెం ఖాళీ దొరుకుతుంది. మా ఊళ్ళో పెళ్ళిచూపులకు పోవాలన్నా, పుచ్చుపన్ను పీకించుకోవాలన్నా ఆ ఖాళీలోనే. మా పెద్దది ఆ ఖాళీని ఎలాగో లాగి లాగి పిల్లల దసరా సెలవుల్లోకి తెచ్చేది. చాలా ముందే వాళ్ళ నాయన దగ్గరికి వచ్చి మొదలుపెట్టేది. ఒక ఏడు ఇట్లా అడిగింది.

“అప్పా, ఈ తూరి పురుగులు ఒక వారం లేటుగా తెప్పీ.”

“ఏల?”

“ఊరికే.”

“ఊరికేనా? నీ మొగం చూస్తే తెలస్తా ఉండాది. యాడికి?”

“సముద్రానికి. పిల్లోళ్ళకి చూపీల్ల.”

“సముద్రంలో ఏముండాదే? ఉప్పు. అది నీ మొగుడు అంగడిలో మూటలు మూటలు అమ్ముతా ఉండాడు కదా!”

“అది యాడి నుంచి వస్తాదో చూద్దాం రాప్పా.”

ఆయన నవ్వి, పురుగులు లేటుగానే తెప్పించాడు. ఆవుల కోసం తాను మాత్రం ఇంట్లో ఉండిపోయాడు. నేను వెళ్ళాను. అప్పటికి పెద్ద మనవడు బడికి పోతున్నాడు, చిన్న మనవరాలు ఒళ్ళో బిడ్డ.

అల్లుడికి చింతామణిలో కిరాణా అంగడి. సరుకు తెచ్చుకునే పాత వ్యానే మా బండి. దాన్ని తోలేది మా పెద్దది. అల్లుడు పక్కన కూర్చొని దోవ చెప్పేవాడు, అది కూడా తప్పుగా. మేం బయలుదేరుతుంటే పక్కింటామె గోడ మీదుగా అంది, “ఆడపిల్ల బండి తోలితే యాడ తేలతారో!”

“నీళ్ళలోనే తేలల్ల అక్కా, సముద్రానికి కదా పోతాండేది. నువ్వూ ఎక్కు,” అంది మాది.

ఆమె వట్టికాళ్ళతో బండి తోలేది. చెప్పులు సీటు కింద పెట్టేసేది. చిన్నప్పటి నుంచి షెడ్డులో తిరిగిన కాళ్ళు కదా. “చెప్పులేసుకుంటే నాకు బండి మాట ఇనపడదు మా,” అనేది. ఇంకో అలవాటు ఏమంటే, దోవలో పార్కు కనబడితే బండి నిలబడాల్సిందే. ఏ ఊరిదైనా సరే, జారుబండ విరిగిపోయి ఉన్నా సరే. పిల్లలను దించి తరిమేది. అల్లుడు విసుక్కునేవాడు, ఇట్లయితే సముద్రం చేరేసరికి సెలవులు అయిపోతాయని. “పురుగుకి వేళకి ఆకు, పిల్లోళ్ళకి వేళకి పరుగు. రెండూ తప్పకూడదు,” అని ఆమె చెట్టు కింద చిత్రాన్నం డబ్బా తెరిచేది. ఘాట్ రోడ్డు మీద మనవడు వాంతి చేసుకుంటే నిమ్మకాయ వాసన చూపించి, వాడి మూతి తన కొంగుతోనే తుడిచింది. ఆ చీర అంచుకు ఆ మరక పోలేదు.

పడమటి తీరాన మల్పెలో సముద్రం చూసినప్పుడు నేను పెద్దగా ఏమీ అనుకోలేదు. నిజం చెప్పాలంటే బాగా అలసిపోయి ఉన్నాను. మధ్యాహ్నం ఎండకు గుడ్డ కప్పుకొని ఇసుకలో వాలాను. బిడ్డ నా పక్కన నిద్రపోతోంది. పెద్ద పురుగులు ఆకు తినేటప్పుడు షెడ్డంతా వాన పడ్డట్టు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు పలచబడితే ఆకు అయిపోయిందని అర్థం. అలల చప్పుడు వింటూ నిద్రపోయాను. నడుమ ఒకసారి అది కొంచెం ఆగినట్టయింది. అంతే, దిగ్గున లేచి, “అయ్యో, ఆకు అయిపోయె! ఆకు ఎయ్యల్ల!” అని అరిచి గంప కోసం ఇసుకంతా తడిమాను.

పక్కనున్నవాళ్ళు అందరూ తిరిగి చూశారు. అల్లుడు నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాడు. మా పెద్దది మాత్రం తడిచీరతో వచ్చి నా పక్కన కూర్చొని, పొట్ట పట్టుకొని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకొని, “దీనికి ఎంత ఎయ్యాలనుకుంటివి మా? ఇది ఎంత తిన్నా గూడు కట్టేది కాదు. నువ్వు పండుకో,” అంది. నా తల ఒళ్ళో పెట్టుకుంది. తల్లి ఒళ్ళో కూతురు పడుకోవడం చూశాను గాని, నేను కూతురి ఒళ్ళో పడుకుంది ఆ ఒక్క పొద్దే.

చిన్నదానికి ఆ ప్రయాణం ఏమీ గుర్తులేదు. ఫోనులో ఫోటోలు చూసి, “నేనేదీ?” అని అడిగేది. “అవ్వ పక్కన నిద్రపోతాండావు చూడు,” అని వాళ్ళమ్మ చెప్తే, “నన్ను ఏల లేపలేదు?” అని ఏడ్చేది. అందరూ చూసిన సముద్రం తనొక్కతే చూడలేదని దాని బాధ. “ఈ దసరాకి నిన్ను లేపి మరీ చూపిస్తా, సరేనా?” అని వాళ్ళమ్మ మాటిచ్చింది. అది సరేనంది.

దసరా వచ్చింది. మేం షెడ్డు కడిగాం. చిన్నది మా ఇంట్లోనే ఉంది. బ్లీచింగు వాసన తగలగానే వచ్చి నా చీర పట్టుకుంది.

“అవ్వా, షెడ్డు కడిగితిరా?”

“కడిగితిమి.”

“అయితే ఎప్పుడు పోయేది?”

నాకు ఒంట్లో సత్తువ లేదు. ఎక్కడికీ పోవాలని లేదు. పడుకుంటే లేవకూడదని అనిపించే రోజులు. అల్లుడిని అడిగితే, “ఆమె లేకుండా ఏం పోయేది అత్తా? నాకు చేతులు ఆడవు,” అన్నాడు. నిజమే. నేను కూడా అదే అనేదాన్ని. కానీ ఆ పసిదానికి ఏమని చెప్పను? వాళ్ళమ్మ రాదని చెప్పాం. సముద్రం కూడా లేదని చెప్పాలా?

“మాటిచ్చినామె లేదప్పా. ఇప్పించుకున్నది ఉండాది కదా,” అన్నాను.  అల్లుడు పోయి వ్యాను తుడిచాడు.

భయంభయంగా, నెమ్మదిగా తోలాడు.  ఒక పార్కు దాటిపోతుంటే మనవడు మెల్లగా, “అప్పా, అమ్మయితే నిలబెడతాండె,” అన్నాడు. అల్లుడు బండి వెనక్కి తిప్పాడు. పిల్లలు దిగి ఊయల దగ్గర ఊరికే నిలబడ్డారు. కాసేపటికి ఊగారు. నేను చూస్తూ కూర్చున్నాను. వాళ్ళు ఊగితే నాకు ఏడుపు, ఊగకపోతే ఏడుపు.

సముద్రం దగ్గర చిన్నది పరుగెత్తుతుందనుకున్నాను. పరుగెత్తలేదు. నా చిటికెనవేలు పట్టుకొని తడి ఇసుక దాకా వచ్చి ఆగింది.

“అవ్వా, అమ్మ అప్పుడు నీళ్ళలో యాడిదంకా పోయె?”

నాకు గుర్తులేదు. నీళ్ళలో గుర్తు పెట్టుకోవడానికి ఏముంటుంది? అయినా చెయ్యి చాపి చూపించాను. “ఆడిదంకా.”

ఇద్దరం దిగాం. నీళ్ళు దాని మోకాళ్ళకు వచ్చాయి. “ఈడేనా?” అంది.

“ఇంగ కొంచెం.”

ఇంకొంచెం నడిచాం. “ఈడే,” అన్నాను.

అది నిలబడింది. అల వచ్చి దాని గౌను నడుము దాకా తడిపి వెనక్కి పోయింది. పోతూ పోతూ మా కాళ్ళ కింద ఇసుకను లాగేసుకుంది. చిన్నది తల వంచి చూసుకుంది. నన్ను ఎత్తుకోమని అడగలేదు. చిన్న కాలివేళ్ళు మడిచి మిగిలిన ఇసుకను గట్టిగా పట్టుకొని, ఇంకో అల కోసం ఎదురుచూస్తూ అక్కడే నిలబడింది.