ఎడమ డోరు మీద ఓడ

సాలూరులో లారీలకు బొమ్మలు వేసేవాళ్లు చాలామందే ఉండేవారు. ఎవరు వేసినా తామరపువ్వో, పులితలకాయో. ఓడ వేయాలంటే మాత్రం సముద్రపొడ్డు భావనపాడు నుంచి వచ్చిన మా కొండబాబే. చదివింది ఐదో తరగతి. అయితేనేం, 1968 నాటికి నూటపన్నెండు లారీలకు రంగు వేశాడు. రాయపూర్‌లో లారీ ఆగితే ఓడను చూసి, ఇది కొండబాబు చెయ్యి అనేవారు.

ఆ ఏడు రంగుల షెడ్డు యజమాని గణపతిరావు కొత్త లారీ కొన్నాడు. ఒక క్యాలెండరు తెచ్చి, అందులోని తెరచాప ఓడను రెండు డోర్ల మీదా అచ్చంగా దింపమన్నాడు. కుడి డోరు పూర్తయింది. ఎడమ డోరు మీద మాత్రం కొండబాబు ఓడ ముక్కును ఎడమవైపుకు, లారీ ముందుకు తిప్పి గీశాడు.

"ఏటిరా ఇది? కేలండర్లో ముక్కు కుడేపుకి ఉన్నాది కదా!"

"ఈ డోరు మీద అలాగే దింపితే ఓడ ఎనక్కెల్తాది బాబూ."

"బొమ్మ ఎల్తాదేటిరా?"

"లారీ ఎల్తాది కదా. దాని మీదున్న ఓడ ఎల్లదేటి?"

చుట్టూ ఉన్న డ్రైవర్లు ఘొల్లుమన్నారు. గణపతిరావు ముఖం ఎర్రబడింది.

"సేపలు పట్టుకునేటోడివి, నాకు సెప్తావా? సెప్పినట్టు ఎయ్యి. లేదంటే నా సెడ్డు గుమ్మం తొక్కకు!"

ఊళ్లో సగం లారీలు ఆ షెడ్డులోనే రంగు వేయించుకునేవి. ఆ గుమ్మం మూసుకుపోతే కుంచె మూలన పడ్డట్టే. కానీ కొండబాబు పుట్టిన తీరంలో, ముక్కు సముద్రం వైపు పెట్టుకుని వెనక్కి కొట్టుకొచ్చే పడవంటే మనిషి లేని పడవ. చిన్నప్పుడు వాళ్ల నాన్న పడవ అలాగే ఒడ్డుకొచ్చింది.

"ఈ లారీ తోలీది మా అసిరయ్య బావ. ఆడి పక్కన సచ్చిన ఓడ నానెయ్యను," అని కుంచెలు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

వేరే అతను వచ్చి క్యాలెండరులో ఉన్నట్టే దించాడు. లారీ బయలుదేరే రోజు అసిరయ్య ఎడమ పక్కకొచ్చి చూశాడు. తాళాలు తెచ్చి గణపతిరావు చేతిలో పెట్టేశాడు. "ఎనక్కెల్లే ఓడతోటి కొండల్లో గాటు రోడ్డెక్కమంటారేటి బాబూ? మీరే ఎక్కండి." మరో ఇద్దరు డ్రైవర్లూ అదే మాటన్నారు.

ఐదో రోజున గణపతిరావే కొండబాబు ఇంటికొచ్చాడు. "నీ ఇష్టమొచ్చినట్టు తిప్పుకోరా."

"రెండు డోర్లూ గీకేసి ఏస్తాను. మీ కేలండరు మీరే ఉంచుకోండి."

రెండు రోజుల్లో పని అయింది. తెరచాపల నిండా గాలి, రెండు పక్కలా ముక్కు ముందుకే. ఎడమ డోరు మీద, అల కింద, ‘కొండబాబు, భావనపాడు’ అని ఎర్ర అక్షరాలు. అంతకు ముందు ఏ లారీ మీదా ఆ పేరు లేదు.

"డోరు నాదైతే పేరు నీదేటిరా?" అన్నాడు గణపతిరావు.

"డోరు మీదే బాబూ," అంటూ కొండబాబు కుంచె తుడుచుకున్నాడు. "ఓడ నాది."